పాత పికప్‌కి కొత్త డాష్‌బోర్డు ఎక్కించడం ఎలా

ఇంజిన్ గట్టిగానే ఉంటుంది, ఛాసిస్‌కి ఢోకా ఉండదు. లోపల చూస్తే మాత్రం డాష్‌బోర్డు ఎండకి బీటలు వారి, మీటరు ముల్లు కదలక, సీటులోంచి స్పాంజి బయటికొచ్చి ఉంటుంది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ దగ్గర, భీమవరం చుట్టుపక్కల చెరువు గట్ల మీద, కడియం నర్సరీల ముందు ఇలాంటి పికప్‌లు ఎన్నో కనిపిస్తాయి. అమ్మితే పెద్దగా రాదు, కొత్తది కొంటే నెలనెలా వాయిదా. అందుకే చాలామంది అదే బండి కొత్త మోడల్ నుంచి డాష్‌బోర్డు, మీటర్ బోర్డు, సీట్లు తెచ్చి పాతదానికి ఎక్కించుకోవాలనుకుంటారు. మంచి ఆలోచనే. కాకపోతే ఇందులో ప్లాస్టిక్ బిగించడం చాలా చిన్న పని. అసలు పని వైరింగ్‌ది, దాని తర్వాత తుప్పుది. ఈ రెండింటి మీద పెట్టాల్సిన టైమ్ పెడితేనే మొదలుపెట్టండి.

సార్వా ధాన్యం తోలడం, సంక్రాంతి బేరాలు అయిపోయాక, దాళ్వా మాసూళ్ళు మొదలయ్యేలోపు, అంటే ఫిబ్రవరి, మార్చి నెలలు ఈ పనికి బాగా అనువు. వానలుండవు, ప్రైమర్ త్వరగా ఆరుతుంది, బండి కొన్నాళ్ళు షెడ్డులో ఉన్నా బేరాలు పోవు. వానాకాలంలో క్యాబిన్ విప్పి పెట్టుకోవద్దు.

ఏ బండి సామాను తేవాలి

మీది పాత బొలేరో పికప్ అయితే తర్వాత వచ్చిన బొలేరో పికప్‌దో, క్యాంపర్‌దో చూడండి. టాటా 207 అయితే అదే క్యాబిన్‌తో తర్వాత వచ్చినదాన్ని చూడండి. అందంగా ఉంది కదా అని వేరే కంపెనీ డాష్‌బోర్డు తెస్తే వెడల్పు, అద్దం వంపు, స్టీరింగ్ కోణం ఏదీ కలవదు. ఒకే పేరున్న బళ్ళలో కూడా ఏడాది మారితే బ్రాకెట్లు మారుతుంటాయి. అందుకని టేపు జేబులో పెట్టుకుని వెళ్ళండి. రెండు డోర్ పిల్లర్ల మధ్య వెడల్పు, స్టీరింగ్ కాలమ్ మధ్య నుంచి కుడి పిల్లర్‌కి దూరం, అద్దం కింది అంచు నుంచి డాష్‌బోర్డు బోల్టులకి దూరం మీ బండిలో ముందే కొలిచి రాసుకోండి. అక్కడికెళ్ళాక ఆ అంకెలతో సరిచూడండి. కంటికి కలిసినట్టు కనిపించినదాన్ని నమ్మొద్దు.

కొలతలకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 బళ్ళు వచ్చాయి. వాటిలో చాలావరకు మీటర్ బోర్డుకి వేడి ఎంత, స్పీడ్ ఎంత అన్న సమాచారం ఇంజిన్ కంప్యూటర్ నుంచి క్యాన్ లైన్ (సమాచారమంతా కలిపి మోసే రెండు వైర్ల జత) మీద వస్తుంది. మీ పాత ఇంజిన్‌లో డీజిల్ పంపు మామూలు మెకానికల్ పంపు అయితే దానికి కంప్యూటరే ఉండదు. అలాంటప్పుడు ఆ మీటర్ బోర్డు మీ బండిలో లైట్ వెలుగుతుంది కానీ పని చేయదు. కొనేముందు మీటర్ బోర్డు వెనక్కి తిప్పి ప్లగ్గు చూడండి. డీజిల్‌కి ఒక వైరు, వేడికి ఒక వైరు, ఆయిల్ లైటుకి ఒక వైరు విడివిడిగా వస్తుంటే అది మనకి పనికొస్తుంది. కరెంటు, ఎర్త్ పోగా ఒకదానికొకటి మెలిపెట్టిన రెండు సన్నటి వైర్లు, ఇంకో ఒకటో రెండో మాత్రమే ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి. ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

విజయవాడ ఆటోనగర్‌కి వెళ్ళినా, రాజమండ్రిలోనే దొరికినా, ముక్కలుగా కొనకుండా మొత్తం సెట్టు ఒకే బండిది అడగండి. డాష్‌బోర్డు, దాని వెనక ఇనుప ఫ్రేము, మీటర్ బోర్డు, ఫ్యూజ్ బాక్సు, డాష్‌బోర్డు వైరింగ్ కిట్, కాంబినేషన్ స్విచ్ (స్టీరింగ్ కింద లైట్లు, ఇండికేటర్లు, వైపర్ నడిపేది), బ్లోయర్ పెట్టె, డీజిల్ ట్యాంకు ఫ్లోటు, టెంపరేచర్ సెన్సర్, స్పీడ్ సెన్సర్. చివరి మూడూ చాలామంది మర్చిపోతారు. మీటరూ సెన్సరూ జోడీగా తయారవుతాయి, విడదీస్తే రెండూ వృథా.

ఇంకో మాట. ఇంజిన్ వైపు వెళ్ళే ప్లగ్గుల దగ్గర కిట్‌ని కొయ్యనివ్వకండి. "గురువుగారూ, ప్లగ్గు ఆడా మగా రెండూ కావాలండి, అవతలి పక్క జానెడు వైరు ఉంచి కొయ్యండి" అని ముందే చెప్పండి. ఆ జానెడు వైరుతోనే రేపు మీ పాత వైరింగ్‌కి కలుపుతారు. అది లేకపోతే కొత్త కిట్‌ని కోయాలి, కోశాక మళ్ళీ విప్పి బిగించే దారి ఉండదు.

నీళ్ళలో మునిగిన బండి సామాను తేవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో బళ్ళు నీళ్ళలో నిలబడ్డాయి. ఇటు లంకల్లోనూ వరదలొచ్చినప్పుడు బళ్ళు మునుగుతాయి. బయటి ప్లాస్టిక్‌ని కడిగేస్తే తేడా తెలియదు. ఫ్యూజ్ బాక్సు వెనక ఒక ప్లగ్గు పీకి, టార్చి వేసి లోపలి పిన్నులు చూడండి. రాగి మీద ఆకుపచ్చ చిలుము, ప్లగ్గు మూలల్లో సన్నటి ఎండిన ఒండ్రు గీత కనిపిస్తే ఆ కిట్ నీళ్ళు తాగింది. వైరు చివర తొక్క కాస్త ఒలిచి చూడండి, రాగి మెరవాలి. నల్లగా ఉంటే లోపల చాలా దూరం పాడైనట్టే.

ఎయిర్‌బ్యాగ్ ఉన్న డాష్‌బోర్డు అయితే ఆ బ్యాగు తీసుకోవద్దు. దాని సెన్సర్లు, కంప్యూటర్ లేకుండా అది కాపాడదు, పైగా తెలియక టెస్టర్ పెట్టినా పేలే ప్రమాదం ఉంది. మామూలు స్టీరింగ్ చక్రమే ఉంచుకోండి.

విప్పడం

ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. విప్పే ముందు మీటరులోని కిలోమీటర్లకి ఫొటో తీయండి. ప్రతి ప్లగ్గుని పీకే ముందు ఒక ఫొటో తీసి, మాస్కింగ్ టేపు అంటించి, పేరు రాయండి. "గుర్తుంటుందిలే" అనుకోవద్దు, నాలుగో రోజుకి అన్ని వైర్లూ ఒకేలా కనిపిస్తాయి. బోల్టుల్ని ఎక్కడివక్కడ కవర్లలో వేసి పేరు రాసి పెట్టండి.

స్టీరింగ్ చక్రం తీసేటప్పుడు ముందుగా షాఫ్టుకీ చక్రానికీ కలిపి పెయింటుతో ఒక గీత పెట్టండి. నట్టుని పూర్తిగా తీయకుండా రెండు మూడు మరలు ఉంచి చక్రాన్ని లాగండి. వదులైనప్పుడు ఎగిరొచ్చి ముఖానికి తగలకుండా ఆ నట్టు ఆపుతుంది.

సీట్లు, డోర్ ప్యాడ్లు, మ్యాట్లు అన్నీ తీసేయండి. పాత వైరింగ్‌ని మాత్రం కత్తిరించకండి. ప్లగ్గుల దగ్గరే విడదీసి, మొత్తంగా తీసి, చుట్టి దాచండి. ఎక్కడైనా అనుమానం వస్తే దాన్నే చూసుకోవాలి.

నేల సంగతి

డెల్టాలో బండికి ఇంజిన్ కన్నా ముందు క్యాబిన్ నేల, అంటే కాళ్ళు పెట్టే రేకు, పోతుంది. సముద్రపు గాలి ఒకటి, రొయ్యల ట్రేల నుంచి కారే ఐసు నీళ్ళు, చెరువు నీళ్ళు ఇంకొకటి. తడి కాళ్ళతో ఎక్కడం, మ్యాటు కింద నీళ్ళు నిలవడం సరేసరి. మ్యాటు ఎత్తి, పెడల్స్ కింద, డోర్ మెట్టు లోపలి అంచు వెంట, సీటు బోల్టుల చుట్టూ చిన్న సుత్తితో తట్టుకుంటూ రండి. ఖంగుమంటే రేకు బాగుంది. మెత్తగా ధప్ మంటే పైన పెయింట్ ఉంది, కింద రేకు లేదు. స్క్రూ డ్రైవర్ మొనతో నొక్కండి, దిగబడితే ఆ ముక్క మార్చాల్సిందే.

దిగబడిన చోట ఫైబర్, పుట్టీ పెట్టి కప్పేయొద్దు. సీటు, సీటు బెల్టు రెండూ ఆ నేలకే బిగించి ఉంటాయి. టింకరింగ్ తెలిసిన మనిషితో మంచి రేకు దాకా కోయించి కొత్త రేకు వెల్డింగ్ చేయించండి. అప్పుడు బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు విడదీసే ఉండాలి. పై పైన ఉన్న తుప్పుని వైరు బ్రష్ చక్రంతో గీకి, తుప్పు కన్వర్టర్ పూసి, ఆరాక ఎపాక్సీ ప్రైమరు, అతుకుల్లో సీలర్, ఆ పైన పెయింటు వేయండి. కింద నుంచి అండర్ కోటింగ్ కూడా వేయిస్తే మంచిది. తుప్పు గీకకుండా నేరుగా నల్ల కోటింగ్ కొట్టిస్తే లోపల తుప్పు అలాగే తింటూ పోతుంది, పైకి కనిపించదు, అది ఇంకా ప్రమాదం.

నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో కనిపెట్టకపోతే ఈ కష్టమంతా వృథా. ముందు అద్దం బీడింగు చూడండి. తర్వాత బానెట్ వెనక గాలి జల్లెడ కింద నీళ్ళు పోయే కన్నాలు చూడండి. కొబ్బరి పీచు, ఆకులు చేరి అవి మూసుకుపోతాయి. ఒకరు లోపల టార్చితో కూర్చుంటే ఇంకొకరు బయట నుంచి పైపుతో కింది నుంచి పైకి మెల్లగా నీళ్ళు పట్టాలి. డాష్‌బోర్డు లేనప్పుడే ఇది కనిపిస్తుంది, ఎక్కించాక కనిపించదు.

వైరింగ్

పాత మెకానికల్ పంపు ఇంజిన్ అయితే నా సలహా ఇది. ఇంజిన్ వైపు, వెనక లైట్ల వైపు మీ పాత వైరింగే ఉంచండి. క్యాబిన్‌లో మాత్రం కొత్త కిట్ వేయండి. రెండూ కలిసే చోట, ఆ జానెడు వైర్ల ప్లగ్గులతో ఒక జోడింపు కిట్ తయారు చేసుకోండి. అప్పుడు ఏ పక్కా కోసినట్టుండదు, రేపు ఏ ఎలక్ట్రీషియన్ చూసినా అర్థమవుతుంది.

ముందు ఒక నోటుబుక్కులో రెండు వరసలు గీయండి. ఎడమ వైపు పాత వైరు, కుడి వైపు కొత్త వైరు. బ్యాటరీ నేరు కరెంటు, ఇగ్నిషన్, స్టార్టర్, ఛార్జింగ్ లైటు, ఆయిల్ లైటు, టెంపరేచర్, డీజిల్, హీటర్ ప్లగ్గు, డిమ్, బ్రైట్, పార్కింగ్, కుడి ఎడమ ఇండికేటర్లు, బ్రేక్ లైటు, రివర్స్, హారన్, వైపర్, బ్లోయర్, ఎర్త్. రంగు చూసి కలపొద్దు, మోడల్ మారితే రంగు మారుతుంది. మల్టీమీటర్‌తో ఒక చివర నుంచి ఇంకో చివరకి బీప్ వినిపించాకే నోటుబుక్కులో రాయండి. "ఎలాగోలా కలిపేద్దామండి, తర్వాత చూసుకుందాం" అనే మనిషి చేతికి ఈ పని ఇవ్వకండి.

ఇంజిన్ ఆపడానికి మీ బండిలో లాగే నాబ్ ఉంటే కొత్త డాష్‌బోర్డులో దానికి చోటుండకపోవచ్చు. కింద బ్రాకెట్ వేసి బిగించండి, చేతికి అందేలా ఉండాలి. నాబ్ బదులు సొలినాయిడ్ (కరెంటుతో డీజిల్ ఆపే వాల్వు) ఉంటే దానికి ఇగ్నిషన్ కరెంటు వెళ్తోందో లేదో చూడండి.

వైపర్ దగ్గర ఆగి ఆలోచించండి. స్విచ్ ఆపాక వైపర్ అద్దం అంచుకి వచ్చి ఆగడానికి మోటారులో వేరే వైరు ఉంటుంది. అన్ని మోటార్లలో అది ఒకేలా పని చేయదు. పాత మోటారుకి కొత్త స్విచ్ తప్పుగా కలిస్తే ఫ్యూజు పోతుంది, లేదా వైపర్ అద్దం మధ్యలో నిలబడిపోతుంది. వీలైతే స్విచ్, మోటారు ఒకే బండివి వాడండి.

వైర్ల అతుకులు మెలిపెట్టి నల్ల టేపు చుట్టొద్దు. మన ఎండకి ఆ టేపు జిగురు కారి జారిపోతుంది, తేమ లోపలికి పోతుంది. మంచి క్రింపింగ్ ప్లయరుతో స్లీవు నొక్కి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడిగి వేడి చేయండి. అతుకులన్నీ ఒకేచోట రాకుండా కాస్త ముందూ వెనకా వేయండి. కిట్ పైన గుడ్డ టేపు చుట్టండి. ఇంజిన్ గోడలోంచి వైర్లు దాటే చోట రబ్బరు గ్రామెట్ తప్పకుండా ఉండాలి. అది లేకపోతే రేకు అంచు కొన్నాళ్ళకి తొక్క కోసేస్తుంది. బ్లోయర్‌కి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసి, దాని ఫ్యూజు విడిగా పెట్టండి. హెడ్‌లైట్లు రిలేల (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌ల) మీద నడపండి. 60/55 వాట్ల బల్బులు రెండూ వెలిగితే దాదాపు 10 ఆంపియర్లు లాగుతాయి, ఆ బరువు స్విచ్ మీద పడకూడదు.

ఎర్త్ గురించి ఎంత చెప్పినా తక్కువే. బ్రేక్ తొక్కితే మీటర్ బోర్డు మసకగా వెలగడం, కుడి ఇండికేటర్ వేస్తే ఎడమది కూడా కదలడం, ఇవన్నీ ఎర్త్ లోపాలే. తిరిగిపోయే దారి దొరక్క కరెంటు పక్క బల్బుల్లోంచి పోతుంది. ఎర్త్ పాయింటు దగ్గర పెయింటు గీకి, మెరిసే రేకుకి కన్నం టెర్మినల్ పెట్టి, నక్షత్రం వాషరుతో బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయండి. డాష్‌బోర్డు ఫ్రేము నుంచి బ్యాటరీ నెగటివ్‌కి విడిగా ఒక లావుపాటి వైరు వేయండి. తర్వాత లైట్లు, బ్లోయర్ అన్నీ వేసి, మల్టీమీటర్ ఒక కాలు ఎర్త్ పాయింటు మీద, ఇంకోటి బ్యాటరీ నెగటివ్ మీద పెట్టండి. 0.2 వోల్టులకి మించి చూపిస్తే ఎక్కడో పట్టు సరిగ్గా లేదు.

కొత్త కిట్‌ని బండిలో బిగించకముందే బల్ల మీద పరిచి, మీటర్ బోర్డు, స్విచ్‌లు తగిలించి బ్యాటరీతో పరీక్షించండి. కరెంటు నేరుగా ఇవ్వకుండా మధ్యలో ఒక 21 వాట్ల బ్రేక్ లైటు బల్బు పెట్టండి. ఎక్కడైనా షార్ట్ ఉంటే ఆ బల్బు నిండుగా వెలుగుతుంది, వైరు కాలదు. ఇది మాత్రం తప్పకుండా చేయండి.

మీటర్లు నిజం చెప్పేలా

డీజిల్ ఫ్లోటు రెండూ, పాతదీ కొత్తదీ, చేతిలో పట్టుకుని పైకి కిందికి కదిపి ఓమ్‌లు కొలవండి. కొన్ని ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కువ చూపిస్తాయి, కొన్ని నిండుగా ఉన్నప్పుడు. అవి కలవకపోతే కొత్త ఫ్లోటునే ట్యాంకులో వేయాలి. లోతు తేడా వస్తే కొత్తదాని రెసిస్టెన్స్ పలకని పాత కడ్డీకి అమర్చండి.

టెంపరేచర్ సెన్సరుని ఇంట్లోనే పరీక్షించవచ్చు. గిన్నెలో నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టి, సెన్సర్ మొనని వైరుతో వేలాడదీసి, పక్కన వంటింటి థర్మామీటర్ పెట్టండి. నీళ్ళు వేడెక్కే కొద్దీ ఓమ్‌లు తగ్గుతూ రావాలి. 40, 60, 80 డిగ్రీల దగ్గర, మరిగేటప్పుడు రాసుకోండి. రెండు సెన్సర్ల అంకెలూ దగ్గరగా ఉంటే పాతదే ఉంచండి, లేదంటే కొత్తది ఇంజిన్‌కి బిగించండి. ఒకే వైరున్న సెన్సర్‌కి ఎర్త్ దాని మరలోంచే అందుతుంది. లీకు కాకూడదని మరకి తెల్ల టేపు దట్టంగా చుట్టితే మీటర్ తప్పు చూపిస్తుంది. కొబ్బరి లోడుతో ఎండలో వెళ్తున్నప్పుడు ఆ ముల్లు అబద్ధం చెబితే హెడ్ గాస్కెట్ పోతుంది. ఇక్కడ తొందరపడొద్దు.

పాత గేర్‌బాక్సు నుంచి స్పీడ్ మీటరుకి కేబుల్ వస్తుంటే, కొత్త మీటరుకి పల్సులు ఇచ్చే సెన్సర్ అదే చోట బిగించాలి. చక్రం ఎన్నిసార్లు తిరిగితే ఎన్ని పల్సులో మీటరుకి సరిపోవాలి. రావులపాలెం, తణుకు మధ్య జాతీయ రహదారి మీద 40, 60 దగ్గర స్థిరంగా తోలుతూ పక్కన కూర్చున్న మనిషి ఫోన్ జీపీఎస్‌తో పోల్చి చూడాలి. స్పీడ్ గవర్నర్ ఉంటే అదీ ఈ సిగ్నలే వాడుతుంది కాబట్టి దాని కనెక్షన్ మళ్ళీ ఇప్పించండి.

ఛార్జింగ్ లైటు చిన్నదే కానీ పెద్ద టెన్షన్ పెడుతుంది. చాలా ఆల్టర్నేటర్లు మొదట మేల్కోవడానికి కావాల్సిన కరెంటు ఆ బల్బులోంచే వస్తుంది. కొత్త మీటరులో బల్బు బదులు ఎల్‌ఈడీ ఉంటే అంత కరెంటు రాదు, బండి స్టార్టవుతుంది కానీ బ్యాటరీ ఛార్జ్ కాదు. ఎల్‌ఈడీకి సమాంతరంగా 68 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి పెడితే సరిపోతుంది. స్టార్ట్ చేశాక బ్యాటరీ దగ్గర దాదాపు 14 వోల్టులు కనిపించాలి.

బిగించడం

ఫ్రేము బిగించాక డాష్‌బోర్డు, తర్వాత మిగతావి. స్టీరింగ్ కాలమ్ మీ పాతదే ఉంచండి. కొత్త స్విచ్ కూర్చోకపోతే బ్రాకెట్ మార్చండి కానీ షాఫ్టుని కోసి వెల్డింగ్ చేయించడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. అది విరిగితే బండి మీ చేతిలో ఉండదు.

ఏసీ పెట్టెతో సహా తెచ్చి ఉంటే, నీళ్ళు పోయే గొట్టం గోడ దాటి బయట పడాలి. మన తేమకి ఏసీ నుంచి ధారగా నీళ్ళు కారతాయి, లోపలే పడితే కొత్తగా వేసిన నేల మళ్ళీ మొదటికొస్తుంది. కంప్రెసరు, కండెన్సరు లేని బండికి ఊరికే పెట్టె పెట్టినా లాభం లేదు, పాత బ్లోయర్ చాలు.

సీట్లు పట్టాలు కలిస్తేనే. కలవకపోతే మందపాటి ఇనుప బ్రాకెట్ వేయించి, 8.8 గ్రేడు బోల్టులు వాడండి. బెల్టు బోల్టులు కంపెనీవే ఉండాలి, వాటి చోటు మార్చొద్దు. సీటు కవరుకి గుడ్డ వద్దు, రెగ్జిన్ వేయించండి. చేపల నీళ్ళ వాసన గుడ్డలోంచి పోదు. కింద కార్పెట్ కూడా వద్దు. ఎత్తి కడుక్కునే రబ్బరు మ్యాటే ఈ నేలకి సరైనది, దాని కింద జనపనార ఫెల్టు అసలే వేయొద్దు.

కాగితాలు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చే మార్పు చేయకూడదు. డాష్‌బోర్డు, మీటరు ఆ వివరాల్లోకి రావు కానీ సీట్ల సంఖ్య వస్తుంది. అందుకని వెనక అదనపు సీటు వేసే ఆలోచన వద్దు. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, అక్కడ లైట్లు, హారన్, వైపర్, స్పీడోమీటర్ పని చేయాలి. పాత మీటరు కిలోమీటర్ల ఫొటో, కొత్తది బిగించిన రోజు అంకె, సామాను కొన్న బిల్లు కలిపి ఆర్‌సీ కాపీతో ఉంచండి. రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాళ్ళకి ఆ రెండు అంకెలూ చూపించండి. ఏసీ, స్టీరియో కొత్తగా పెట్టి ఉంటే ఇన్సూరెన్స్ రెన్యువల్‌లో చెప్పి రాయించండి.

లోడు వేసే ముందు ఇంకో పరీక్ష ఉంది. తాళంచెవి తీసేసి, డోర్లు మూసి, బ్యాటరీ నెగటివ్‌కి మధ్యలో మల్టీమీటర్ పెట్టి ఆంపియర్లు చూడండి. 50 మిల్లీ ఆంపియర్లకి మించి లాగుతుంటే ఒక్కో ఫ్యూజు పీకుతూ ఎక్కడ పడిపోతుందో కనిపెట్టండి. తర్వాత ఖాళీ బండితో గతుకుల గట్టు రోడ్డు మీద ఒక చుట్టు తిరిగొచ్చి, డాష్‌బోర్డు ఫ్రేము బోల్టులు, సీటు బోల్టులు, స్టీరింగ్ నట్టు మళ్ళీ పానా పెట్టి బిగించండి. మొదటి పెద్ద వాన పడిన మర్నాడు మ్యాటు ఎత్తి, చేత్తో నేల తడిమి చూడండి. చెమ్మ తగిలితే బీడింగు దగ్గర నుంచి మళ్ళీ పైపుతో నీళ్ళు పట్టండి.